మచ్చలేని పిందె

నూజివీడు బస్టాండు నుంచి కాలేజీ వైపు వెళ్ళే రోడ్డులో ఫోటో స్టూడియో పెట్టుకున్న చలపతిరావుకి ఆ ఊళ్ళో ఒక్కడంటే ఒక్కడి మీద గౌరవం లేదు. ఉండమంటే ఎక్కణ్ణించి వస్తుంది? పాతికేళ్ళుగా ఊరందరి మొహాలూ ఆయన నెగటివుల మీదే ఉన్నాయి. ఎవరి ముక్కు వంకరో, ఎవరి బుగ్గల మీద అమ్మవారు పోసిన గుంటలున్నాయో, ఎవరి కళ్ళ కింద సంచులు వేలాడుతున్నాయో ఆయనకి తెలిసినంతగా వాళ్ళ కన్నతల్లులకి కూడా తెలియదు. సన్నగా చెక్కిన పెన్సిలు పట్టుకుని, కంటికి కంసాలి అద్దం బిగించుకుని, నెగటివు మీద ఒక్కో మచ్చనీ పూడ్చి, వాళ్ళని మనుషుల్లో కలిపేది తనేనని ఆయన నమ్మకం. పెద్దమనిషి ఎవడైనా ఛాతీ విరుచుకుని రోడ్డు మీద పోతుంటే కౌంటరు వెనకాల కూచుని, "నీ అసలు మొహం నా దగ్గరుందిరా నాయనా" అనుకునేవాడు. పైకి మాత్రం "దయచేయండి" అనేవాడు.

టచింగ్ పనిలో ఆయన తర్వాతే ఎవరైనా. ఆ మాట ఒప్పుకోవాలి. విస్సన్నపేట నించీ, మైలవరం నించీ కూడా పెళ్ళిచూపుల ఫోటోలకి ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. మచ్చ ఉన్న ఫోటో తన స్టూడియో ముద్రతో గడప దాటలేదని చెప్పుకునేవాడు. ఒకసారీ రెండుసార్లూ కాదు, టీ గ్లాసు తీసుకెళ్ళడానికి వచ్చినవాడికి కూడా చెప్పేవాడు.

ఎనభై నాలుగులో, మార్చి మొదటి వారం, ఒక బుధవారం మిట్టమధ్యాహ్నం వేళ జూనియర్ కాలేజీ బోటనీ లెక్చరరు సోమయాజులు ఆ స్టూడియో మెట్లెక్కాడు. బక్కపలచటి మనిషి. చొక్కా జేబు అడుగున అరచేతి మేర ఇంకు మరక. ఆయన వెనకాలే వచ్చిన కూలిమనిషి, ముప్పై ఏళ్ళుంటాయేమో, లోపలికి రాకుండా గుమ్మం బయటే నిలబడింది. చలపతిరావు ఆ మరక చూశాడు, ఆ మనిషిని చూశాడు, ఇద్దరి విలువా అక్కడికక్కడే కట్టేశాడు.

"చలపతిరావు గారూ, మీ కెమెరా ఒక పూట కావాలండి. చాట్రాయి దారిలో వెంకటరత్నమ్మ గారి తోట ఉంది కదా, అక్కడొక మామిడి పిందెని ఫోటో తియ్యాలి."

"పిందెనా? పిందెకేమన్నా పెళ్ళిచూపులా మేష్టారూ?"

సోమయాజులు నవ్వలేదు. కుర్చీ లాక్కుని ఓపిగ్గా మొదటినించీ చెప్పుకొచ్చాడు. ఆయన చెప్పింది మీకూ చెబుతాను, ఎందుకంటే చలపతిరావు వినలేదు.

గుమ్మం బయట నిలబడ్డ ఆవిడ పేరు దుర్గ. మొగుడు అప్పారావుతో పాటు వెంకటరత్నమ్మ గారి తోటలో గుడిసె వేసుకుని పదకొండేళ్ళుగా కాపలా కాస్తోంది. ఈ ఏడు పూత మీదే తోటని గుత్తకి పట్టినవాడు ఇన్నయ్య. పట్టిన మర్నాటినించీ ఆ గుడిసెలో తన మనుషుల్ని దింపాలని చూస్తున్నాడు. వాడి మనుషులు పచ్చి కొమ్మలు నరుక్కుపోతుంటే దుర్గ వెళ్ళి అమ్మగారికి చెప్పిందని కడుపుమంట. ఇంతలో నిమ్మకాయంత అయిన పిందెల మీద నల్లటి సొన చారలు కనబడ్డాయి. ఇన్నయ్య గుప్పెడు పిందెలు కోసుకుపోయి వెంకటరత్నమ్మ గారి ముందు పోశాడు. "పిన్నీసుతో పొడిచిందండి అమ్మగారూ, నా మీద కక్షతో. కావాలంటే దాని గాజులు చూడండి" అన్నాడు. నిజమే, దుర్గ ఎడమచేతి గాజులకి అయిదు పిన్నీసులు వేలాడుతున్నాయి. ఏ ఆడదాని గాజులకి ఉండవు? అయినా సరే, ఆదివారం తేలుస్తానంది వెంకటరత్నమ్మ గారు. తేలితే గుడిసె పోతుంది. కాయ పొడిచే మనిషని పేరు పడ్డాక ఈ చుట్టుపక్కల ఇంకే తోటలోనూ కాపలా పెట్టుకోరు.

దుర్గ ఏడుస్తూ సోమయాజులు దగ్గరికి పరిగెత్తింది. పిల్లల్ని వెంటేసుకుని ఆ తోటలో ఆకులు ఏరుకునే మేష్టారని ఆయన్ని ఎరుగును. ఆయన వెళ్ళి భూతద్దం పెట్టి చూశాడు. అది పిన్నీసు పోటు కాదు. టెంక పురుగు పెట్టిన గుడ్డు. ఆడపురుగు పిందె తోలు మీద గుడ్డు పెట్టి, పక్కనే ముక్కుతో నెలవంకలా చిన్న కోత కోస్తుంది. సొన కారి ఆ గుడ్డుని కప్పేస్తుంది. పిన్నీసుతో పొడిస్తే గుండ్రటి చిల్లు పడుతుంది గాని నెలవంక పడదు. ఉత్త కంటికి రెండూ ఒకటే నల్లచుక్క. వెంకటరత్నమ్మ గారికి శుక్లాల ఆపరేషను అయింది, భూతద్దంలో ఆవిడకి ఏదీ ఆనదు. ఇన్నయ్య కోసుకొచ్చిన పిందెలు ఎండి ముడుచుకుపోయాయి. చెట్టు మీదున్నవి వారం తిరిగేసరికి ఊరిపోయి, కోత పూడిపోయి, ఏమీ ఎరగనట్టు నున్నగా తయారవుతాయి. ఈ రెండు మూడు రోజుల్లో ఆ నెలవంకని కంచమంత ఫోటో తీసి ఆవిడ కళ్ళ ముందు పెట్టడం తప్ప దుర్గకి ఇంకో దారి లేదు.

ఇంత చెబుతుంటే చలపతిరావు ఏం చేస్తున్నాడయ్యా అంటే, ఆ ఇంకు మరకని ఏ నంబరు పెన్సిలుతో పూడిస్తే చొక్కా గీతల్లో కలిసిపోతుందా అని ఆలోచిస్తున్నాడు. చెవిలో పడ్డవి రెండే రెండు ముక్కలు. ఈ మనిషి పిందెలు పాడుచేసిందంటున్నారు, ఆదివారం ఫోటో చూపించాలి. చాలదూ? పాఠాలు చెప్పుకునేవాళ్ళకి ఒక్క ముక్కలో తేలేదాన్ని పీరియడంత సాగదీయడం అలవాటు.

"కెమెరా ఇవ్వనండి. నేనే వస్తా" అన్నాడు.

గురువారం పొద్దున్నే ముగ్గురూ తోటలో ఉన్నారు. చలపతిరావు జపాన్ కెమెరాని మెళ్ళో వేసుకుని, పిందె దగ్గరికి వంగి, కన్ను పెట్టి చూసి, లేచి నడుం మీద చెయ్యేసుకున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"అడుగున్నర లోపల దీనికేమీ కనబడదు మేష్టారూ. ఇంత చిన్నదాన్ని తియ్యాలంటే దానికి వేరే లెన్సుండాలి. అది బెజవాడలో కాదు కదా, మెడ్రాసులో కూడా దొరకదు. ముందే అడిగితే చెప్పేవాణ్ణి కదా."

"వేరేది అక్కర్లేదండి. ఇదే ఊడదీసి తిరగేసి పెట్టండి."

"ఏమిటీ?"

"ముందుది వెనక్కీ, వెనకది ముందుకీ. మామూలు లెన్సే, తిరగేస్తే దగ్గరున్నది పెద్దగా చూపిస్తుంది. పుస్తకంలో చదివాను."

"తిరగేసి బోర్లించడానికి ఇదేమన్నా మూకుడనుకున్నారా మేష్టారూ!" చలపతిరావుకి ఒళ్ళు మండిపోయింది. పాతికేళ్ళ సర్వీసు ఆయనది. పుస్తకంలో చదివాట్ట! వంట పుస్తకం చదివినవాళ్ళంతా వచ్చి వంటవాడికి గరిటె పట్టుకోవడం నేర్పుతారు కాబోలు. సోమయాజులు జేబులోంచి సైకిలు ట్యూబు ముక్క ఒకటి తీశాడు. లెన్సుని తిరగేసి కెమెరా మూతికి ఆనించి, వెలుతురు చొరబడకుండా చుట్టూ ఆ రబ్బరు చుట్టి, పట్టుకోండి అన్నాడు. ఏమీ కనబడదని చూపించి మేష్టారి పరువు తీద్దామనే చలపతిరావు కన్ను పెట్టాడు.

ముందు అంతా పచ్చటి పొగ. లెన్సు ఎంత తిప్పినా మారలేదు. "తిప్పకండి, మీరే ముందుకీ వెనక్కీ జరగండి" అన్నాడు సోమయాజులు. ఊపిరి బిగబట్టి అంగుళం అంగుళం జరిగాడు. పిందెకి నాలుగు వేళ్ళ దూరం వచ్చేసరికి ఆ పొగ టక్కున విడిపోయింది. తోలు మీద తెల్లటి చుక్కలు, వాటి మధ్య బెల్లప్పాకంలా గడ్డకట్టిన సొన, ఆ సొన అంచున గోటితో గిచ్చినట్టు వంపు తిరిగిన సన్నటి కోత, దాని పక్కన బియ్యపు నూకలో సగం కూడా లేని గుడ్డు. చలపతిరావు నోరు తెరుచుకుంది. ఇంత స్పష్టంగా ఆయన తన పెళ్ళాం మొహం కూడా ఎప్పుడూ చూడలేదు. మరుక్షణం అలవాటైన మనసు లేచి కూచుంది. ఛీ, ఎంత వికారమైన మచ్చ అనుకున్నాడు.

ఫోటో తియ్యడానికి ఎండెక్కేదాకా పట్టింది. గాలి వీస్తే బొమ్మ చెదిరేది, ఆయన గుటక వేసినా చెదిరేది. నీడ పడకుండా సోమయాజులు స్టీలు కంచం పట్టుకుని ఎండని పిందె మీదకి తిప్పాడు. కొమ్మ కదలకుండా దుర్గ రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఎర్రచీమలు మోచేతుల దాకా పాకి కుడుతున్నా కొమ్మ వదల్లేదు, ఇస్సని కూడా అనలేదు. స్టూడియోలో కుర్చీ వేసి కూచోబెడితే అరక్షణం కదలకుండా ఉండలేని పెళ్ళికూతుళ్ళని చూసీ చూసీ విసిగిపోయిన చలపతిరావుకి, ఈ మనిషి నయమే అనిపించింది. పన్నెండు బొమ్మలు తీశాడు.

"కనబడిందాండీ బాబుగారూ?" అంది దుర్గ, చేతులు దులుపుకుంటూ.

"కనబడింది."

"బాగా పడుద్దాండీ?"

"నా చేతిలో పడ్డాక బాగా పడకపోవడమన్నది లేదు. నువ్వు నిశ్చింతగా ఉండు."

ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే కదా దరిద్రం.

శుక్రవారం నెగటివులు ఆరాక మంచిదొకటి ఏరి, దీపం ముందు పెట్టి, కంసాలి అద్దం బిగించి చూశాడు. చూస్తుంటే సోమయాజులు మీద జాలేసింది. పిందెలు పాడుచేసిందని కదా ఆ మనిషి మీద నేరం? దాన్ని కాపాడ్డానికి, పాడైన చోటే వెతికి వెతికి పెద్దది చేసి చూపిస్తాట్ట! ఇంతకంటే చదువుకున్న మూర్ఖుణ్ణి ఎక్కడా చూడలేదనుకున్నాడు. పిందె శుభ్రంగా ఉందని చూపిస్తే గదా పొడవలేదని తేలేది? ఈ ఊళ్ళో ఇంగితమున్నవాణ్ణి నేనొక్కణ్ణే ఉన్నాను, ఏం చేస్తాం, మనమే ఒడ్డెక్కించాలి. అలా అనుకుని స్టూడియో తలుపు మూసి పెన్సిలు చెక్కాడు. కోతని పూడ్చాడు, గుడ్డుని పూడ్చాడు, సొన గడ్డని చుక్క చుక్కగా తోలులో కలిపేశాడు. మూడు గంటలు పట్టింది. పెళ్ళికూతుళ్ళకి కూడా ఎప్పుడూ అంత శ్రద్ధ పెట్టలేదు. పది పన్నెండు సైజులో ప్రింటు వేసి, వెనకాల స్టూడియో ముద్ర కొట్టి, కవర్లో పెట్టాడు. శనివారం సోమయాజులు చూస్తానని వస్తే, తడి ఆరలేదు, రేపు నేనే తెస్తా పొమ్మన్నాడు. పదిమంది ముందూ తెరిచి చూపించాలని ఆయన సరదా.

ఆదివారం పొద్దున వెంకటరత్నమ్మ గారి వరండాలో ఆవిడ సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకుని కుర్చీలో కూచుంది. ఇన్నయ్య పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మెట్ల కింద దుర్గ, కొంచెం ఎడంగా అప్పారావు. దుర్గ గాజులకి పిన్నీసులు అలాగే ఉన్నాయి. తీసేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని తియ్యలేదు. సోమయాజులు కవరు అందుకుని, లోపలిది చూడకుండానే మర్యాదగా ఆవిడ చేతికిచ్చాడు.

ఆవిడ ఫోటోని కళ్ళకి దగ్గరగా, దూరంగా పెట్టుకుని చూసింది. "ఎంత ముద్దుగా ఉందయ్యా పిందె! వెన్న రాసినట్టుంది. ఏదీ, మీరు చెప్పిన కోత?"

సోమయాజులు వంగి చూశాడు. ఫోటోని వెలుతురుకి తిప్పి మళ్ళీ చూశాడు.

"మచ్చ ఏదండీ చలపతిరావు గారూ?"

"తీసేశానండి" అన్నాడు చలపతిరావు, కాలరు సర్దుకుంటూ. "మూడు గంటలు పట్టింది. ఆనవాలు ఎక్కడన్నా కనబడుతుందేమో చూడండి, నేను పందెం కాస్తా."

ముందుగా నవ్వినవాడు ఇన్నయ్య. కడుపు పట్టుకుని నవ్వాడు. సోమయాజులు గొంతు పెంచకుండా, పురుగు గురించీ, నెలవంక గురించీ, గుండ్రటి చిల్లు గురించీ మళ్ళీ మొదటినించీ చెప్పాడు. బుధవారం చెప్పిన మాటలే. ఈసారి చలపతిరావు విన్నాడు. ఇంత పెద్ద మచ్చని తనే తన చేత్తో, తన పెన్సిలుతో, పైగా మెచ్చుకుంటారని!

"అమ్మగారూ, ఫిల్ములో ఇంకా పదకొండు బొమ్మలున్నాయండి. వాటిని ముట్టుకోలేదు. సాయంత్రానికి ప్రింటు వేసి తెస్తాను. కోత ఉందండి, నా కళ్ళతో చూశాను."

"తెస్తారండీ, ఎందుకు తేరు?" అన్నాడు ఇన్నయ్య కళ్ళు తుడుచుకుంటూ. "ఉన్నదాన్ని తీసేసినాయనకి లేనిదాన్ని గీసుకురావడం ఒక లెక్కా? మా పెళ్ళి ఫోటోలో నా నుదుటిమీద గాటు మాయం చేసింది ఈయనేనండి. ఆ ఫోటోలో వాడెవడా అని మా అత్తారు ఇప్పటికీ వెతుక్కుంటున్నారు."

వెంకటరత్నమ్మ గారు తల ఊపింది. ఆవిడ చెడ్డది కాదు. "వద్దులే చలపతీ. నీ చేతిలో పడ్డాక ఏది ఉన్నదో ఏది లేనిదో ఎవరికి తెలుస్తుంది? హాల్లో ఉన్న నా ఫోటోలో నాకు ముప్పై ఏళ్ళు దాటలేదు" అంది. మేష్టారి వైపు తిరిగి, "పెద్దవారు, మీ మాట కాదనలేను గాని, చూడ్డానికి ఏమీ లేకపోయె. నన్నేం చెయ్యమంటారు?" అంది. మంగళవారానికల్లా గుడిసె ఖాళీ చెయ్యమని దుర్గకి చెప్పింది.

దుర్గ గోల పెట్టలేదు. ఆ ఫోటో ఒకసారి చూపించమంది. చేతులు చీరకి తుడుచుకుని పట్టుకుని చాలాసేపు చూసింది. "నున్నగా సేశారండి" అని, మెట్టు మీద పెట్టేసి వెళ్ళిపోయింది. సోమయాజులు కూడా ఒక్క మాట అనకుండా చెప్పులేసుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఎవడో ఒకడు నాలుగు తిడితే చలపతిరావు ఎదురు తిట్టి కడుపు చల్లబరుచుకునేవాడు.

మే నెలలో కోతలైపోతున్న రోజుల్లో ఒక రిక్షా స్టూడియో ముందు ఆగింది. ఇన్నయ్య పంపిన బంగినపల్లి బుట్ట. "ఫోటోగ్రాఫరు గారు చేసిన సాయానికి" అని చెప్పమన్నాడట. సిగ్గున్నవాడైతే ఆ బుట్టని రోడ్డు మీద కుమ్మరించేవాడు. చలపతిరావు లోపల పెట్టించాడు. బంగినపల్లి కదా!

కాయలు ఎలా ఉన్నాయంటే, ఒక్కదాని మీదా మచ్చ లేదు. ఆయన ప్రింటు వేసినట్టే ఉన్నాయి. మధ్యాహ్నం అన్నం తిన్నాక కత్తి పుచ్చుకుని అటో చెక్క, ఇటో చెక్క కోశాడు. టెంక మీద మినపగింజంత నల్లచుక్క కనబడింది. మచ్చ కనబడితే చెయ్యి ఊరుకోదు కదా, కత్తిమొనతో గీకాడు. గీకినకొద్దీ చుక్క పెద్దదైంది. టెంక పెచ్చు విరిగి, అందులోంచి ముందు ముక్కు, తర్వాత గరుకు వీపు, తర్వాత ఆరు కాళ్ళు బయటికొచ్చాయి. నల్లటి పురుగు తాపీగా ఆయన పళ్ళెంలోకి దిగింది. ఇంకో కాయ కోశాడు. ఇంకోటి కోశాడు. ఎనిమిది కాయలు కోస్తే అయిదింట్లో ఉన్నాయి.

ఖాళీ ఫిల్ము డబ్బాలో ఒక పురుగుని వేసి, ఆ ఎండలోనే వెంకటరత్నమ్మ గారింటికి పరిగెత్తాడు.

ఆవిడ డబ్బాలోకి తొంగి చూసింది. "ఏమో, ఇది మా తోటదేనని ఏమిటి గుర్తు? నువ్వే ఎక్కణ్ణించో పట్టుకొచ్చి వేశావేమో" అంది, కోపమేమీ లేకుండానే. "పైగా ఆ గుడిసెలో వాడి మనుషులు కాపురం కూడా పెట్టేశారు. ఇప్పుడెందుకయ్యా ఆ గోల? అది సరేగాని, మా మనవరాలికి సంబంధాలు చూస్తున్నాం. గడ్డం కింద పుట్టుమచ్చ ఉంది. రేపు పంపిస్తా, కాస్త చూసి తీసెయ్యి."

"అలాగేనండి" అన్నాడు చలపతిరావు. పాతికేళ్ళుగా అంటున్న మాట, దానంతటదే వచ్చేసింది. గేటు దాటాక తన మీద తనకే అసహ్యం పుట్టింది. తను చెబితే నమ్మదు, తను అబద్ధం గీస్తే మాత్రం కావాలి. ఆవిణ్ణి తిట్టుకుందామని చూశాడు గాని ఆవిడన్నదాంట్లో తప్పేమీ దొరకలేదు. ఊళ్ళో ఒక్క మొహమూ సరిగా లేదని ఇన్నాళ్ళూ లెక్కేసుకున్నాడు, అందులో తన మొహం ఎప్పుడూ కలుపుకోలేదు.

దుర్గ బస్టాండు వెనక కాయల షెడ్డులో కూలికి వస్తోందని ఎవరో చెప్పగా విన్నాడు. వెళ్ళాడు. షెడ్డు నిండా ఆడవాళ్ళు వరసగా కూచుని బుట్టల్లో గడ్డి పరిచి కాయలు పేరుస్తున్నారు. దుర్గని మేస్త్రీ అందరికీ ఎడంగా, తన కళ్ళెదురుగా కూచోబెట్టాడు. ఆవిడ గాజులకి ఒక్క పిన్నీసు లేదు. మిగతా ఆడవాళ్ళందరి గాజులకీ ఉన్నాయి.

చలపతిరావు ఆవిడ ముందు గొంతుక్కూచుని డబ్బా మూత తీశాడు. పురుగు చచ్చినట్టు కాళ్ళు ముడుచుకుని పడుంది.

"చూడు దుర్గా. ఇన్నయ్య పంపిన కాయలోదే. టెంకలోంచి వచ్చింది. మేష్టారు చెప్పిందే నిజం. నువ్వు పొడవలేదు" అన్నాడు రొప్పుతూ.

దుర్గ డబ్బాలోకి చూసింది. తర్వాత ఆయన వైపు చూసింది. పెద్దగా కోపమేమీ లేదు ఆ చూపులో. ఇన్నాళ్ళూ ఆయన కౌంటరు వెనకాల కూచుని ఊరిని ఎలా చూసేవాడో, అలాగే చూసింది.

"నాకెందుకండీ చూపిస్తారు? నేను పొడవలేదని పిందెలప్పుడే నాకు తెలుసు కదండీ" అంది.

చలపతిరావు అలాగే కూచున్నాడు. డబ్బాలో పురుగు కాళ్ళు విప్పుకుని అంచు మీదకి పాకడం మొదలెట్టింది.

"కాస్త అటు జరగండి బాబుగారూ, గడ్డి తొక్కుతున్నారు" అంది దుర్గ.

ఆయన జరిగాడు.